శివారు వంతు

జూన్ పదిహేనున కాలువకు నీళ్లు వదులుతామని
లొల్ల లాకుల దగ్గర నోటీసు అంటించారు.
అదే తేదీ మేమూ రాసుకున్నాం:
నాలుగో వెర్షన్, పొద్దున్న ఆరింటికి.
మాకు నోటీసు గోడ లేదు, జీతం లేదు,
సైకిల్ షాపు మీద ఒక గది,
కరెంటు పోతే రెండు గంటలు నిలిచే బ్యాటరీ.

ప్రోగ్రాం పేరు వంతు.
ఏ బోదెకి ఎన్ని నిమిషాలు నీళ్లో లెక్కగడుతుంది.
ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు,
తప్పుంటే దిద్ది పంపొచ్చు.
దిద్ది పంపేవాళ్లు ఏడుగురు.
ఒకరు అర్ధరాత్రి దాటాకే కనిపిస్తారు,
పెట్టుకున్న పేరు చేపముల్లు.
ఆడో మగో నేనడగలేదు.

ఏప్రిల్లో కాలువ కట్టేశారు.
మేమూ కట్టేశాం,
కొత్తవి వద్దు, ఉన్నవి బాగుచెయ్యండని.
అడుగు బయటపడితేగాని తెలీదు
కాలువ ఏడాదంతా ఏం మింగిందో.
చెప్పులు, గట్టిపడ్డ సిమెంటు బస్తా,
గుర్రపుడెక్క వేళ్లలో వినాయకుడి చెయ్యి.
కోడ్ అడుగున
"తర్వాత సరిచేస్తాను" అన్న వాక్యం,
నాలుగేళ్ల నాటిది, నా పేరుతోనే.
చదివాను. దాటిపోయాను.

మే నెలాఖర్లో మండపేట నుంచి అనంతం,
"రంగుల మ్యాప్ ఒక్కటి పెట్టనివ్వు,
రెండ్రోజుల పనే" అన్నాడు.
సెప్టెంబరు లాంచీకి ఎక్కించమన్నాను.
"ఈ లాంచీ ఒక్క గంట ఆగదా?"
ఆగితే ఇంకొకడు సంచీతో పరిగెత్తుకొస్తాడు,
రేవులోనే తెల్లారిపోతుంది.
నాలుగు రోజులు మాట్లాడలేదతను.

పదమూడో తేదీ రాత్రి,
అల్లవరం శివారు నుంచి యాళ్ల మోషే:
"అక్కా, మా తాతది చిట్టచివరి మడి.
నలభై సెంట్లు.
మీ లెక్కలో సున్నా నిమిషాలొస్తోంది."

సున్నానే.
పైన ఒక్కొక్కరికీ అర నిమిషం
పైకి సవరించుకుంటూ వచ్చాం,
చివరికి చేరేసరికి గంటలో ఏమీ మిగల్లేదు.
ఎవరి తప్పో వెతికితే
అదే వాక్యం కింద, అదే లైను.

తెల్లారగానే లాకులకు వెళ్లాను.
లస్కరు గనిరాజు మరలకు గ్రీజు పూస్తున్నాడు.
"ఎప్పుడైనా ఆలస్యంగా వదిలారా?"
"ఒక ఏడు తలుపు సగంలో ఇరుక్కుందండి.
మూడ్రోజులు.
పైవోళ్లు తిట్టని తిట్టు లేదు.
కిందోళ్లు కిక్కురుమనలేదు."
"ఎందుకని?"
"ఆళ్లకి ఎప్పుడూ మూడ్రోజులు ఆలస్యమే కదండీ, ఆయ్"
అని చేతులు గోనెగుడ్డకి తుడుచుకున్నాడు.

గదికొచ్చి పదిహేను కొట్టేసి పద్దెనిమిది అన్నాను.
ఇద్దరు విసుక్కున్నారు.
"తేదీ అంటే తేదీయే" అని ఒకరు,
నేను ఎప్పుడూ చెప్పే మాటే నాకు చెప్పారు.

నా తప్పు నేను దిద్దాను గాని
నా దిద్దుబాటుకి నేనే సంతకం పెట్టకూడదు.
మేం పెట్టుకున్న కట్టు అది.
ఒంటిగంటకి చేపముల్లు ఒక పరీక్ష పంపారు,
వంద మడులు, ఆఖరిదానికి నలభై సెంట్లు,
దాని పేరు మోషే తాత.
నాలుగింటికి అనంతం వచ్చాడు.
మ్యాప్ ఊసెత్తలేదు.
"రెండొందల పన్నెండో లైన్లో ఒక సున్నా తగ్గింది,
చూసుకో. మిగతాది సరే."

పద్దెనిమిది, ఆరు.
ఒక్క మీట నొక్కాను.
తలుపు లేచిన చప్పుడూ లేదు, నురగా లేదు.
కింద షాపులో ఎవరో ట్యూబు నీళ్లలో ముంచి
గాలి ఎక్కడ పోతోందో చూసుకుంటున్నారు.
కాలువ అప్పటికే మూడ్రోజులుగా పారుతోంది,
ఎర్రగా, నా లెక్క కోసం ఆగకుండా.

పందొమ్మిది సాయంత్రం మోషే రాశాడు:
"నీళ్లు ఇవాళొచ్చాయక్కా.
తాతకి పదకొండు నిమిషాలు.
గట్టు మీద గొడుగేసుకుని కూర్చుని
పదకొండూ లెక్కపెట్టాడు.
ఇంకోటి,
మీ ప్రకటనలో తేదీ పదిహేనే ఉంది.
మార్చడం మర్చిపోయినట్టున్నారు."

కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.
నాలుగు, చుక్క, సున్నా, చుక్క, ఒకటి.